నగరాల్లో ప్రమాదకరమైన చెట్లను అంచనా వేయడం: వృత్తిశిక్షణ ఎలా పొందాలి

చెట్ల ప్రమాద అంచనాలో శిక్షణ పొందాలనుకునేవారు అన్నిటికంటే ముందు వదిలించుకోవలసినది "ఈ చెట్టు పడుతుందా?" అనే ప్రశ్న. ప్రతి చెట్టూ ఎప్పుడో ఒకప్పుడు పడేదే కనుక ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎవరికీ పనికిరాదు. మీరు అడగవలసినది ఇంకొంచెం పెద్ద ప్రశ్న: చెట్టులో ఏ భాగం, ఎంత గడువులోపు, ఎలాంటి గాలివానకు విరగవచ్చు, విరిగిన వేళ దాని కింద ఎవరుంటారు, ఏముంటుంది? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు రాసి కింద సంతకం పెట్టగలిగే స్థితికి చేర్చడమే ఈ శిక్షణ ఉద్దేశం. పురపాలక ఉద్యానవన సిబ్బంది, తోటల నిపుణులు, కాంట్రాక్టు మీద కొమ్మలు కొట్టే బృందాల పర్యవేక్షకులు ఈ పని నేర్చుకోవడానికి ఏ వరుసలో వెళ్ళాలో కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: చెట్టు ఎలా నిలబడుతుందో తెలుసుకోండి

నేరుగా ప్రమాద అంచనా కోర్సులో చేరిపోవాలని చాలామందికి తొందర ఉంటుంది. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బోరికల్చర్ 2013లో ప్రవేశపెట్టిన ట్రీ రిస్క్ అసెస్‌మెంట్ క్వాలిఫికేషన్ (వాడుకలో ట్రాక్ అంటారు) రెండు రోజుల బోధన, ఆ తరువాత రాతపరీక్ష, చెట్టు దగ్గర నిలబెట్టి పెట్టే క్షేత్రపరీక్షతో ముగుస్తుంది. రెండు రోజుల్లో వృక్షశాస్త్రం ఎవరికీ ఒంటబట్టదు. అందుకే వృక్ష సంరక్షణలో అప్పటికే అర్హతో, తత్సమానమైన చదువో ఉన్నవారికే అందులో ప్రవేశం ఉంటుంది. కనుక కోర్సుకు కనీసం ఒక ఏడాది ముందునుంచే చెట్లు కొట్టే, కొమ్మలు కత్తిరించే బృందంతో తిరగడం మంచిది.

ఆ ఏడాదిలో రెండు సంగతులు గట్టిగా పట్టుకోవాలి. మొదటిది, చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో ఎన్నో చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూసి 1970లలో ఈ సంగతిని స్థిరపరిచారు. పుచ్చు పైకీ కిందికీ పాకకుండా ఒక అడ్డు, లోపలికి పోకుండా ఒకటి, పక్కలకు విస్తరించకుండా ఒకటి, గాయమైన తరువాత కొత్తగా పుట్టే కలపకు ముందు మరొకటి ఏర్పడతాయి. వీటిలో నాలుగవది అన్నిటికంటే గట్టిది. అందువల్లనే ఎన్నో ఏళ్ళ కిందట దెబ్బతిన్న చెట్టులో తొర్ర చాలాసార్లు గాయమైననాటి బోదె లావు మేరకే ఆగిపోయి, దాని చుట్టూ ఆ తరువాతి సంవత్సరాల మంచి కలప వలయంలా నిలబడి ఉంటుంది. రెండవది, చెట్టు తనమీద బరువు ఎక్కువ పడే చోట కలపను ఎక్కువ పోసుకుంటుంది. జర్మనీకి చెందిన క్లాస్ మాథెక్ ఈ సూత్రం మీదనే కంటిచూపుతో చెట్టును పరిశీలించే పద్ధతిని రూపొందించారు. బోదెమీద అసహజంగా కనిపించే ఉబ్బు, నిలువు గట్టు, మొదలు దగ్గర సీసా అడుగులా లావెక్కిన భాగం, ఇవన్నీ లోపల ఏదో బలహీనత ఉందని, దాన్ని చెట్టు సర్దుకుంటున్నదని ఒకేసారి చెబుతాయి. ఈ రెండు కబుర్లలో మొదటిదాన్ని మాత్రమే విని కొట్టేయమని రాసేవారు చాలామంది.

ఆకుల పచ్చదనానికీ వేర్ల పట్టుకూ సంబంధం చాలా తక్కువ. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. పని నేర్చుకుంటున్న కొత్తలో ఒక వీధిలోని చెట్లన్నిటినీ చూసి, నిండుగా చిగిర్చి ఉన్న ఒకదాని ఎదుట "లోపం లేదు" అని రాశాను. దాని మొదలుకు మూడడుగుల దూరంలో కాలిబాట రాళ్ళు కొత్తగా పరిచి ఉన్నాయి; అది చూసి కూడా ఎందుకు కొత్తగా పరిచారని ఆలోచించలేదు. నాలుగు నెలల తరువాత వాన పడి నేల నానిన రోజున, చెప్పుకోదగ్గ గాలి కూడా లేకుండానే ఆ చెట్టు రోడ్డుకు అడ్డంగా ఒరిగిపోయింది. పైపు కోసం తవ్విన కందకంలో ఒక పక్క వేర్లన్నీ రంపంతో కోసినట్టు తెగి ఉన్నాయి. మిగిలిన వేర్లు ఆకులకు నీళ్ళు అందించడానికి సరిపోయాయి గానీ చెట్టును నిలబెట్టడానికి సరిపోలేదు. చెట్ల వేర్లలో అధికభాగం నేలలో పై ఒక మీటరు లోతులోనే, కొమ్మల నీడను దాటి కూడా పరుచుకుని ఉంటాయి. బ్రిటన్ నిర్మాణ ప్రమాణాల్లో బోదె వ్యాసానికి 12 రెట్ల వ్యాసార్ధాన్ని వేర్ల రక్షణ పరిధిగా లెక్కిస్తారు. 60 సెంటీమీటర్ల బోదెకు అది 7.2 మీటర్లు. ఆ పరిధిలో కొత్త సిమెంటు, కొత్త మట్టి, కొత్త రాళ్ళు ఏవి కనిపించినా వాటి వెనుక కథ ఏమిటో చుట్టుపక్కలవారిని అడిగి రాసుకోండి.

రెండవ మెట్టు: చెట్టుకంటే ముందు చెట్టు కింద చూడండి

శిక్షణకు కొత్తగా వచ్చినవారు చెట్టు దగ్గరికి పోగానే తల పైకెత్తుతారు. అనుభవం ఉన్నవారు ముందు తల దించుతారు. విరిగిన భాగం ఎవరిమీద, దేనిమీద పడవచ్చో దాన్ని శిక్షణ పరిభాషలో టార్గెట్ అంటారు. టార్గెట్ లేనిచోట ఎంత పుచ్చిన చెట్టుకైనా ప్రమాదస్థాయి తక్కువే. చెట్టు మొత్తం కూలే అవకాశముంటే దాని ఎత్తంత దూరం వరకు, ఎండిన కొమ్మలు పగిలి ఎగిరిపడే అవకాశముంటే అంతకు ఒకటిన్నర రెట్ల వరకు చుట్టూ కొలిచి, ఆ వలయంలో ఏమేమున్నాయో ముందుగా జాబితా రాయండి.

ఆ తరువాత ఒక్కొక్కటీ అక్కడ ఎంతసేపు ఉంటుందో చూడాలి. ఇల్లు ఎప్పుడూ ఉంటుంది. రద్దీ రోడ్డు మీద రోజులో చాలాభాగం ఎవరో ఒకరు ఉంటారు. ఉద్యానవనం చివరి కాలిబాట మీద గంటకొకరు నడవవచ్చు. ఇక్కడ చాలామంది మరచిపోయే చిన్న సంగతి ఒకటుంది: చెట్లు ఎక్కువగా విరిగేది గాలివానలో, జనం బయట తక్కువగా ఉండేదీ అప్పుడే. కనుక మామూలు సాయంత్రం ఆటస్థలంలో కనిపించిన పిల్లల సంఖ్యను తుపాను వేళకు అలాగే వర్తింపజేయకూడదు. అయితే యూకలిప్టస్ వంటి కొన్ని జాతుల్లో గాలి కదలని ఎండపూట పెద్ద కొమ్మలు ఉన్నట్టుండి విరిగిపడతాయి. అప్పుడు జనం సరిగ్గా ఆ నీడలోనే ఉంటారు. చెట్టు జాతి తెలియకుండా టార్గెట్ లెక్క వేయలేమనేది ఇందుకే.

మూడవ మెట్టు: ప్రతిసారీ ఒకే వరుసలో చెట్టు చుట్టూ తిరగండి

అంచనాకు మూడు స్థాయిలున్నాయి. మొదటి స్థాయిలో వందల చెట్లను నడుస్తూనో, నెమ్మదిగా పోయే వాహనంలోంచో చూసి, వెంటనే పట్టించుకోవలసినవాటిని ఏరతారు. రెండవ స్థాయిలో నేలమీద నిలబడి ఒక్కొక్క చెట్టునూ చుట్టూ తిరిగి చూస్తారు. మూడవ స్థాయిలో పరికరాలు వాడతారు, అవసరమైతే చెట్టెక్కుతారు. మీ శిక్షణకాలంలో ఎక్కువభాగం రెండవ స్థాయికే కేటాయించండి.

దూరంగా నిలబడి మొదలుపెట్టండి. చెట్టు ఎత్తంత దూరం నుంచి చూస్తే వాలు, గుబురు సమతూకం, పైన ఎండిన కొనలు తేలికగా కనిపిస్తాయి. వాలిన చెట్టు బోదె కింద ఏటవాలుగా ఉండి పైకి పోయేకొద్దీ నిటారుగా వంపు తిరిగితే అది పాత వాలు. ఒరిగిన తరువాత ఎన్నో ఏళ్ళు పెరిగిందన్నమాట. బోదె మొదలు నుంచి కొన వరకు తిన్నగా ఉండి మొత్తంగా పక్కకు ఒరిగితే, వెంటనే మొదలు దగ్గరికి వెళ్ళి వాలుకు ఎదురువైపు నేల చూడండి. అక్కడ మట్టి పైకి ఉబ్బినా, అర్ధచంద్రాకారంలో బీట ఉన్నా వేర్లు పట్టు వదులుతున్నట్టే. అప్పుడు పరిశీలన ఆపి, ముందుగా జనాన్ని అక్కడినుంచి తప్పించాలి.

తరువాత మొదలు. ఆకులు, మట్టి, చెత్త తొలగించి వేర్లు బోదెనుంచి విడిపోయే చోటు చుట్టూ కనిపించేలా చేయండి. బోదె ఏ పక్కన విశాలంగా విచ్చుకోకుండా స్తంభంలా నేలలోకి దిగిపోతే, ఆ పక్క మట్టి ఎత్తు పెంచారనో, ఒక వేరు మరొక వేరును చుట్టి బిగించిందనో అనుమానించాలి. మొదలు దగ్గర అర్ధచంద్రాకారపు గట్టి పుట్టగొడుగులుంటే కిందిభాగంలో పుచ్చు ఉందని అర్థం. గానోడెర్మా వర్గం ఇలాంటివాటిలో తరచుగా కనిపించేది. వీటికంటే మోసకారి క్రెట్జ్‌ష్మారియా డ్యూస్టా అనే శిలీంధ్రం. అది పుట్టగొడుగులా ఉండదు, మొదలు సందుల్లో కాలిన తారు పూసినట్టు నల్లటి పెచ్చుగా ఉంటుంది. అది తిన్న కలప పింగాణీలా పెళుసై, పైకి చెట్టు బాగానే కనిపిస్తున్నా ముందస్తు సూచన లేకుండా విరుగుతుంది.

ఆపైన బోదె, పంగలు. సమానమైన లావుతో రెండు మానులు చీలిన పంగను దగ్గరగా చూడడం నేర్చుకోవడానికి ఒక పూటంతా వెచ్చించినా ఎక్కువ కాదు. మంచి పంగలో రెండు మానుల మధ్య బెరడు గరుకైన గట్టులా పైకి లేచి ఉంటుంది. బలహీనమైన పంగలో ఆ బెరడు లోపలికి మడుచుకుపోయి, మూసిన పెదవుల మధ్య గీతలా కనిపిస్తుంది. రెండు మానుల మధ్య కలప కలవలేదు, బెరడుకు బెరడు ఆనుకుని నిలబడింది. ఆ గీతకు అటూ ఇటూ చెవుల్లా కలప ఉబ్బి ఉంటే చెట్టు చాలాకాలంగా దాన్ని బిగించుకుంటున్నదని తెలుస్తుంది. గీత కింద బీట ఉంటే దాని అంచుల రంగు చూడండి: కలప లేతరంగులో తాజాగా మెరుస్తుంటే బీట ఈ మధ్యదే, బూడిదరంగుకు తిరిగి నాచు పట్టి ఉంటే పాతది. ఈ ఒక్క తేడాతో నివేదిక మొత్తం మారిపోతుంది.

గుబురును బైనాక్యులర్‌తో చూడండి. ఎండుకొమ్మలు, విరిగి పై కొమ్మల్లో ఇరుక్కున్నవి, గతంలో తల నరికిన చోటనుంచి గుత్తిగా లేచిన కొత్త కొమ్మలు ముఖ్యమైనవి. అలా లేచిన కొమ్మలు పాత కలపలో లోతుగా పాతుకోవు, వాటి కింద నరికిన చోటు పుచ్చుతూనే ఉంటుంది.

నాలుగవ మెట్టు: కొట్టి వినండి, కొలిచి లెక్క కట్టండి

కొయ్య లేదా ప్లాస్టిక్ తల ఉన్న సుత్తితో బోదెను కింది నుంచి పైకి, చుట్టూ చేయి చాపు దూరంలో తట్టుతూ పోవాలి. గట్టి కలప మీద చిన్నగా తెగిన శబ్దం వస్తుంది, బోలుగా ఉంటే డప్పు మోత వస్తుంది, వదులైన బెరడు కింద పొడి శబ్దం వస్తుంది. అయితే డప్పు మోత విన్నంత మాత్రాన చెట్టు పని అయిపోయిందని అనుకోకూడదు.

ఇక్కడ లెక్క తప్పనిసరి. నేలనుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత 188 సెంటీమీటర్లు ఉన్న బోదె వ్యాసం దాదాపు 60 సెంటీమీటర్లు. లోపల తొర్ర ఉండి చుట్టూ 9 సెంటీమీటర్ల మంచి కలప మిగిలితే తొర్ర వ్యాసం 42, అంటే మొత్తం వ్యాసంలో పది వంతులకు ఏడు. వంగుడును తట్టుకునే బలంలో నష్టం ఈ నిష్పత్తి నాలుగో ఘాతంతో సమానం కనుక పోయిన బలం సుమారు 24 శాతమే. తొర్ర చుట్టూ మిగిలిన ఈ కలప గోడ మందం 6 సెంటీమీటర్లకు తగ్గితే నష్టం 41 శాతం, 3 సెంటీమీటర్లకు తగ్గితే దాదాపు మూడింట రెండు వంతులు. అంటే మొదటి సగం కలప పోయినప్పుడు పెద్దగా ఏమీ కాదు, చివరి కొన్ని సెంటీమీటర్ల దగ్గరే పరిస్థితి వేగంగా దిగజారుతుంది. వ్యాసార్ధంలో మూడు పదోవంతుల గోడ మిగలాలనే మాథెక్ నియమం ఈ మలుపుకు దగ్గరగా ఉంటుంది. దాన్ని సూచనగానే వాడండి. తొర్ర ఒక పక్క తెరుచుకుని ఉంటే, బీట కలిసి ఉంటే ఆ నియమం చెప్పినదానికంటే చెట్టు బలహీనం. గుబురు చిన్నదై గాలి తక్కువగా పట్టే ముసలి చెట్టు అంతకంటే పలుచని గోడతో కూడా దశాబ్దాలు నిలుస్తుంది. గాలి వేగం రెట్టింపైతే చెట్టుమీద తోపు నాలుగు రెట్లవుతుందన్నది కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

మూడవ స్థాయి పరికరాలను ఒకసారైనా చేత్తో వాడి చూడండి. సన్నని సూదిని కలపలోకి దించి నిరోధాన్ని గీతగా రాసే యంత్రం ఒకే వరుసలో గోడ మందం చెబుతుంది. బోదె చుట్టూ సెన్సర్లు బిగించి శబ్దవేగంతో అడ్డుకోత చిత్రం గీసే సోనిక్ టోమోగ్రాఫ్, బీటను కూడా పుచ్చులాగే చూపించి తప్పుదారి పట్టించవచ్చు. తాడుతో నియంత్రితంగా లాగి మొదలు ఎంత వంగిందో కొలిచే పరీక్ష వేర్ల పట్టు గురించి చెబుతుంది. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోకుండా యంత్రాన్ని అద్దెకు తెస్తే రంగుల బొమ్మలు మాత్రం మిగులుతాయి.

ఐదవ మెట్టు: చూసినదాన్ని స్థాయిగా మార్చండి

ట్రాక్ పద్ధతిలో విరిగే అవకాశానికి నాలుగు మాటలున్నాయి. అసాధారణ గాలివానకు కూడా నిలవవచ్చనిపిస్తే అసంభవం. అసాధారణ గాలివానకు విరగవచ్చు, మామూలు రోజుల్లో విరగదనిపిస్తే సాధ్యం. మీరు పెట్టుకున్న గడువులోపు మామూలు వాతావరణంలోనే విరగవచ్చనిపిస్తే సంభావ్యం. విరగడం మొదలైపోయిందనో, గాలి లేకపోయినా త్వరలోనే విరుగుతుందనో అనిపిస్తే ఆసన్నం. గడువు ఎంతో రాయకుండా ఈ మాటల్లో ఏది వాడినా అర్థం లేదు. ఒక సంవత్సరం, మూడు సంవత్సరాలు అని అంకె వేయండి. ఆ తరువాత టార్గెట్‌ను తాకే అవకాశం, తాకితే జరిగే నష్టం కలిపి రెండు పట్టికల ద్వారా తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యధికం అనే స్థాయికి వస్తారు.

రెండు చెట్లు తీసుకుందాం. బస్సుకోసం జనం రోజంతా కూర్చునే బెంచీ మీదికి వాలిన మానుకు మడుచుకున్న బెరడు పంగ ఉంది, కింద తాజా బీట ఉంది. విరగడం సంభావ్యం, తాకే అవకాశం ఎక్కువ. మొదటి పట్టికలో ఫలితం "జరగవచ్చు" అనే గడి. మనిషికి తగిలితే నష్టం తీవ్రం కనుక రెండవ పట్టికలో స్థాయి "ఎక్కువ". రెండవది, ఉద్యానవనం మూలన పెద్ద తొర్ర ఉన్న వృద్ధవృక్షం. విరగడం సాధ్యం, కింద మనుషుల రాకపోకలు అరుదు, స్థాయి "తక్కువ". చూడ్డానికి రెండవదే భయంకరంగా ఉంటుంది, ఫిర్యాదులు కూడా దానిమీదే వస్తాయి. శిక్షణలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టించని బోధకుడి దగ్గర మీకు ఎక్కువ కాలం అవసరం ఉండదు.

అంకెలతో పోయే పద్ధతి కూడా ఉంది. బ్రిటన్‌లో పుట్టిన క్వాంటిటేటివ్ ట్రీ రిస్క్ అసెస్‌మెంట్ ప్రమాదాన్ని సంవత్సరానికి ఇన్నింట ఒకటి అనే సంభావ్యతగా చెబుతుంది. పోలికకు ఒక అంకె: బ్రిటన్‌లో చెట్టు లేదా కొమ్మ పడి ఒక వ్యక్తి మరణించే అవకాశం సంవత్సరానికి సుమారు కోటికి ఒకటి అని అక్కడి జాతీయ వృక్ష భద్రతా బృందం లెక్కగట్టింది. చెట్టు కనిపించిన ప్రతిచోటా "ఎక్కువ" అని రాసే చేతికి ఈ అంకె కళ్ళెం వేస్తుంది.

ఆరవ మెట్టు: సలహా, నివేదిక

సలహాల జాబితాలో నరికివేతను చివరన రాయండి. బస్సు బెంచీ ఉదాహరణలో బెంచీని పది మీటర్లు జరపడం, బీట ఉన్న మాను బరువు తగ్గించేలా కొనలు కత్తిరించడం, పైన రెండు మానులనూ కలుపుతూ ఉక్కు తీగ, పంగ దగ్గర ఇనుప కడ్డీ బిగించడం, పని పూర్తయ్యేదాకా కంచె కట్టడం, చివరగా తొలగించడం అనే వరుసలో వేటికి ప్రమాదం ఏ స్థాయికి దిగుతుందో విడివిడిగా చూపండి. ఏది ఎంచుకోవాలో నిర్ణయించేది చెట్టు యజమాని లేదా సంస్థ; ఆ నిర్ణయానికి కావలసిన సరుకు అందించడం మీ పని. ఈ గీతను దాటి "వెంటనే కొట్టేయాలి" అని ఆదేశించే అలవాటు ఒకసారి పడితే వదలదు.

నివేదికలో తేదీ, సమయం, వాతావరణం, చెట్టు ఉన్న స్థానం, కొలతలు, ఫోటోలు, గడువు, మళ్ళీ చూడవలసిన తేదీ ఉండాలి. చూడలేకపోయినవి కూడా అంతే స్పష్టంగా ఉండాలి: తీగలు కప్పేసినందున రెండు మీటర్ల పైన బోదె కనిపించలేదని, తాళం వేసి ఉన్నందున ఉత్తరం వైపు చేరలేకపోయానని రాసిన వాక్యాలు తరువాత మిమ్మల్నీ, మీ నివేదికను నమ్మినవారినీ కాపాడతాయి.

ఏడవ మెట్టు: మీ కంటిని సరిచూసుకుంటూ ఉండండి

ఒకే చెట్టుకు ఇద్దరు శిక్షితులు రెండు స్థాయిలు ఇవ్వడం సాధారణం. కనుక మీతోపాటు నేర్చుకుంటున్నవారిలో ఇద్దరితో కలిసి ఇరవై చెట్లు ఎంచుకుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా అంచనా వేసి, ఆ తరువాత తేడాలన్నీ చెట్టు ఎదుటే నిలబడి చర్చించండి. తేడా ఎక్కువగా వచ్చేది పుచ్చు దగ్గర కాదు, టార్గెట్ ఎంతసేపు ఉంటుందన్న చోట; నా అనుభవంలో ప్రతి జట్టుకూ ఇదే జరిగింది.

దీనికంటే మంచి పాఠశాల కూల్చబోయే చెట్టు. కోయడానికి ముందురోజు వెళ్ళి నాలుగు దిక్కులా గోడ మందం ఎంతో సుత్తి శబ్దాన్నిబట్టి ఊహించి రాసుకోండి. కోసిన తరువాత దుంగ మీద టేపు పెట్టి కొలిచి పక్కన రాయండి. నా మొదటి నోటుపుస్తకంలో ఊహ 5 సెంటీమీటర్లు, అసలు 14 అని ఉన్న పేజీ ఇప్పటికీ ఉంది. ఆ చెట్టును తొలగించమని సిఫార్సు చేసింది నేనే. గాలివాన మరునాడు పడిన చెట్ల దగ్గరికి, దారి శుభ్రం చేసేవారికంటే ముందు చేరుకోగలిగితే విరిగిన చోటు, వేర్ల పళ్ళెం (చెట్టుతోపాటు పైకి లేచిన వేర్లూ మట్టీ కలిసిన దిమ్మ) మందం, తెగిన వేర్ల రంగు ఫోటో తీసుకోండి. తెగిన చోటు లేతగా ఉంటే ఆ రాత్రి తెగినది, నల్లబడి మెత్తగా ఉంటే ఎప్పుడో చచ్చినది.

ట్రాక్ అర్హత ఐదేళ్ళపాటు చెల్లుతుంది, ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి. ఆ ఐదేళ్ళలో "తక్కువ" అని రాసి విడిచిపెట్టిన చెట్లలో కొన్నింటి దగ్గరికైనా ఏడాదికొకసారి పాత ఫోటో పట్టుకుని వెళ్ళి, అదే చోట, అదే కోణంలో మళ్ళీ ఫోటో తీసి, పాతదాని పక్కన అతికించుకోండి.